పటం కట్టుకుందాం: మ్యాట్ మనమే కోసుకోవడం ఎలా

ఎపిసోడ్ వినే తీరిక లేనివాళ్ళ కోసం, ఎప్పటిలాగే మాట్లాడింది మాట్లాడినట్టు ఇక్కడ పెడుతున్నాను.

ఇండియా వెళ్ళొచ్చిన ప్రతిసారీ సూట్‌కేసు అడుగున ఏదో ఒక బొమ్మ చుట్టుకుని తెచ్చుకుంటాం కదా. చేర్యాల బొమ్మో, శ్రీకాళహస్తి కలంకారీ గుడ్డో, బాపు బొమ్మ ప్రింటో. తెచ్చాక అది గోడెక్కదు, క్లోజెట్‌లోనే ఉండిపోతుంది. ఎందుకంటే ఇక్కడ షాపుల్లో దొరికే ఫ్రేములు 8×10, 11×14, 16×20 అంగుళాలు. చేర్యాలలో బొమ్మ వేసే నకాషీ ఆయనకి ఈ లెక్కతో పనేముంది? పోనీ కొలత ప్రకారం కట్టించుకుందామని వెళ్తే వందల డాలర్లు చెప్తారు. బొమ్మ కంటే పటం ఖరీదు! రెడీమేడ్ ఫ్రేముకీ మన బొమ్మకీ మధ్య తేడాని పూడ్చేదే మ్యాట్. మన ఊళ్ళో పటాలు కట్టే కొట్టువాళ్ళు మౌంటు అంటారు, అదే ఇది. అట్టలో కిటికీ కోసి, వెనకనుంచి బొమ్మ పెట్టడం.

ఇది అందం కోసమే అనుకునేవాళ్ళు చాలామంది. నా దృష్టిలో అందం రెండోది. ఫోటోకీ అద్దానికీ మధ్య కాస్త గాలి ఉండాలి, మొదటి సంగతి అదీ. పాత ఫోటోల పైపొర జెలటిన్. తేమ తగిలితే ఉబ్బి, జిగురై, అద్దానికి అతుక్కుంటుంది. మన ఇళ్ళల్లో పోయినవాళ్ళ పటానికి అద్దం మీద బొట్టు పెడతాం, తడి పూలదండ వేస్తాం. ఆ నీళ్ళు కారి ఫ్రేము కింది అంచులోకి దిగుతాయి. పాత పటాల్లో ముందు పాడయ్యేది కింది భాగమే, గమనించారా?

ఇక బోర్డు. మ్యాట్‌బోర్డు పూర్తి షీటు 32×40 అంగుళాలు. దాంట్లో 16×20 ముక్కలు సరిగ్గా నాలుగొస్తాయి. మామూలు రకం 4-ప్లై, అంటే అంగుళంలో పదహారో వంతు మందం. చవక బోర్డు చెక్కగుజ్జుతో చేసింది. కొన్నేళ్ళకి దాంట్లోని ఆమ్లం బయటికొచ్చి, కిటికీ అంచు వెంబడే బొమ్మ మీద గోధుమరంగు గీత పడుతుంది. అది మళ్ళీ పోదు. పోస్టరుకైతే పరవాలేదు గానీ, ఒకటే కాపీ ఉన్న తాతగారి ఫోటోకి మాత్రం కాటన్ రాగ్ బోర్డే కొనండి. ఇక్కడ పిసినారితనం వద్దు.

లెక్క చూద్దాం. నా దగ్గరున్న చేర్యాల బొమ్మ 9×13. ఫ్రేము 16×20. కిటికీ బొమ్మ కంటే అన్ని వైపులా పావు అంగుళం తక్కువుండాలి, లేకపోతే బొమ్మ జారి బయటికొస్తుంది. అంటే కిటికీ 8½×12½. పదహారులోంచి ఎనిమిదిన్నర తీసేస్తే ఏడున్నర, అందులో సగం మూడుముప్పావు. నిలువులోనూ చూడండి, ఇరవైలోంచి పన్నెండున్నర పోతే మళ్ళీ ఏడున్నరే. నేనైతే పైన మూడున్నర, కింద నాలుగు పెడతాను. నాలుగు వైపులా సమానంగా ఉంటే బొమ్మ కిందికి జారినట్టు కనిపిస్తుంది.

గీతలన్నీ బోర్డు వెనకవైపు, పెన్సిల్‌తో. కోసేదీ వెనకనుంచే. లోగన్ లాంటి కంపెనీల చిన్న మ్యాట్ కట్టర్ చాలు. బ్లేడు 45 డిగ్రీల వాలులో ఉంటుంది, అందుకే ముందునుంచి చూస్తే కిటికీ చుట్టూ ఆ సన్నటి తెల్లటి అంచు కనిపిస్తుంది. కింద ఒక వేస్టు మ్యాట్ ముక్క పరవండి. బ్లేడు పై బోర్డుని పూర్తిగా దాటి, కిందిదాన్ని కాస్త గీరాలి, అంతే. మూల దగ్గర గీతకి పిసరంత ముందే మొదలుపెట్టి, పిసరంత దాటించి ఆపాలి. అయినా మూల తెగకపోతే లాగొద్దు! చింపిరి అవుతుంది. ఒక రేజర్ బ్లేడుని అదే వాలులో దూర్చి నెమ్మదిగా తెంపండి. అంచు నూగునూగుగా వస్తోందంటే బ్లేడు మొద్దుబారిందన్నమాట. బ్లేడు పైసల్లో వస్తుంది, బోర్డు డాలర్లలో.

రంగు గురించి ఒక మాట. చేర్యాల బొమ్మల్లో నేపథ్యం ఎరుపు కాబట్టి మ్యాట్ కూడా మెరూన్ వేద్దామంటారు మనవాళ్ళు. బొమ్మ మునిగిపోతుందండీ. మీగడ తెలుపు వేసి చూడండి.

బొమ్మని బోర్డుకి జిగురుతో అంటించొద్దు. చలికాలం హీటరుకి ఇల్లంతా ఎండిపోతుంది, ఎండాకాలం ఉక్క. కాగితం ముడుచుకోవాలి, సాగాలి. ఫోటోలకైతే మూలల్లో కాగితం జేబులు పెట్టండి, జిగురు ఫోటోని తాకదు. కాగితం బొమ్మలకి పై అంచున రెండే రెండు చోట్ల, పల్చటి జపనీస్ కాగితాన్ని గోధుమపిండి జిగురుతో అతికించి వేలాడదీయాలి. సెల్లోటేపు అసలు వద్దు. కలంకారీ గుడ్డనైతే నూలుగుడ్డ తొడిగిన బోర్డుకి సన్నగా కుట్టేయడమే నయం.

పోయిన వారం ఒకరు అడిగారు: అమ్మానాన్నల పెళ్ళి ఫోటో అద్దానికి అంటుకుపోయింది, ఊడదీసి కొత్త మ్యాట్ వేయొచ్చా అని. ఊడదీయకండి. నీళ్ళల్లో నానబెట్టడం, హెయిర్‌డ్రయర్ పెట్టడం కూడా వద్దు, ముఖాలు అద్దానికే ఉండిపోతాయి. వెనక అట్ట మాత్రం తీసేసి, అద్దంతో సహా స్కాన్ చేయించండి. ఆ స్కాన్‌ని ప్రింటు తీసి, దానికి మ్యాట్ కోసుకుని గోడకి పెట్టుకోండి. అసలు ఫోటోని అద్దంతోనే, చదునుగా, పొడిగా ఉన్నచోట దాచండి. దాన్ని విడదీయించే ఆలోచన ఉంటే అమెరికన్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ కన్జర్వేషన్ వాళ్ళ వెబ్‌సైట్‌లో ఫోటోల నిపుణుల్ని వెతుక్కునే వీలుంది. ముందు ఫోటోలు తీసి పంపి, కుదురుతుందో లేదో అడగండి. అప్పటిదాకా ఆ పటాన్ని బాత్రూం గోడకీ, వంటింటి పొయ్యికీ దూరంగా ఉంచండి.