దిష్టిబొమ్మ కాలిపోయాక...
(కాగితపు బొమ్మల శిక్షణ శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ఉద్యమంలో తిరిగిన మాకు కాగితపు బొమ్మ అంటే ఒక్కటే తెలుసు. దిష్టిబొమ్మ! ఎండుగడ్డి, చిరిగిన చొక్కా, పాత పేపర్లు. గంటలో కడతాం, నాలుగు రోడ్ల కూడలిలో తగలబెడతాం. కోపం చల్లారుతుంది. ఇంటికొచ్చాక దుఃఖం మాత్రం అట్లాగే ఉంటుంది. దాన్నేం చేయాలి?

సోంపేట బీలనే తీసుకోండి. చిత్తడి నేల. రైతుకు పంట, జాలరికి చేప, పశువుకు మేత. 2008లో 1107 నంబరు జీవో వచ్చింది. 972 ఎకరాలు థర్మల్ కంపెనీకి! పనికిరాని భూమి అన్నారు. జనం కాదన్నారు. 2010 జులై 14న పోలీసు కాల్పులు. ప్రాణాలు పోయాయి. అదే నెలలో పర్యావరణ అనుమతి రద్దయింది. ఒక కాగితాన్ని ఇంకో కాగితం కొట్టేసింది. పోయిన మనుషుల్ని ఏ కాగితం తెస్తుంది? మరుసటి ఏడాది ఫిబ్రవరి 28న కాకరాపల్లిలో మళ్లీ కాల్పులే.

మా అమ్మమ్మ పాత కాగితాలు నానబెట్టి, నానిన మెంతులు కలిపి రోట్లో రుబ్బేది. బోర్లించిన కుండ మీద ఆ గుజ్జు మెత్తి, ఎండాక బుట్టగా ఊడదీసేది. మన చాటలకు మెత్తిందీ ఆ గుజ్జే. దాంతో బీలలో కొంగను చేయొచ్చు. పోయినవాళ్ల ముఖం చేయొచ్చు. ఒక పూత ఆరాకే రెండోది వేయాలి. తొందరపడితే బీటలిస్తుంది. దుఃఖమూ అంతే. చేతికి పని చెబుతూ, నలుగురం కూచుని, పోయినవాళ్ల గురించి చెప్పుకుంటూ ఆరనివ్వాలి.

హిరోషిమాలో సడాకో ససాకి అనే పాప అణుబాంబు తెచ్చిన రక్త క్యాన్సర్‌తో ఆసుపత్రిలో కాగితపు కొంగలు మడిచింది. 1955లో, పన్నెండేళ్లకే చనిపోయింది. తోటి పిల్లలు ఊరుకోలేదు. చందాలు పోగుచేశారు. 1958లో స్మారకం నిలబడింది. ఇవాళ్టికీ ప్రపంచం నలుమూలల నుంచి అక్కడికి కాగితపు కొంగలు వస్తూనే ఉన్నాయి. వానకు తడిసిపోయే కాగితమే ఆ పాపను మరిచిపోనివ్వలేదు!

మీరూ పాత కరపత్రాలు, పేపర్లు, నోటీసుల జిరాక్సులు తెచ్చుకోండి. అసలు కాగితాలు మాత్రం భద్రంగా దాచండి, కోర్టులో పనికొస్తాయి. మిగతావన్నీ నానబెట్టండి.

దిష్టిబొమ్మ మనం కాదన్నవాడిది. ఈ బొమ్మ మనవాళ్లది. దీన్ని తగలబెట్టం. ఇంట్లో, గోడ మీద, పిల్లలు చూసేచోట పెట్టుకుందాం. ఎవరిదీ ముఖం అని వాళ్లు అడుగుతారు. చెబుదాం.