బూడిద డబ్బా, ఉప్పల్ ఆదివారం, ఆటోవాలా కొడుకు: టెస్ట్ క్రికెట్ పగల మీద నా ముచ్చట

జనగామ నుంచి మీవోడు మళ్ల వచ్చిండు. "అన్నా, ఈ రోజుల్ల టెస్ట్ మ్యాచ్ ఎవడు చూస్తడే? అయిదు దినాలు ఆడి ఆఖరికి డ్రా అని చేతులు కలుపుకునుడేంది?" అని మస్తు మంది అడిగిన్రు. ఇయ్యాల గా సవాలుకే జవాబు. టెస్ట్ క్రికెట్‌ల ఎవరికి ఎవరితోని పగ, అందుల అసలు పగ ఏది, ఉత్త డ్రామా ఏది, నా లెక్క నేను చెప్త. నచ్చకపోతే తిట్టుండ్రి, కానీ ఆఖరిదాక విని తిట్టుండ్రి.

ముందుగాల ఒక మాట. నేను ఎక్స్‌పర్ట్‌ను కాదు. ఎండిన చెరువుల టెన్నిస్ బాల్ ఆడినోన్ని, గంతే. మేం ముగ్గురం. నేను జనగామ. నా డిగ్రీ దోస్తుది మానుకోట, మీ భాషల మహబూబాబాద్. మా బావది భూపాలపల్లి, సింగరేణిల పని చేస్తడు. ఆస్ట్రేలియాల మ్యాచ్ ఉంటే మనకు పొద్దుగాల అయిదింటికే షురూ అయితది కదా. బావ బాయిల నైట్ షిఫ్ట్ దిగి పైకొచ్చేసరికి అక్కడ లంచ్ బ్రేక్. ఫోన్ ఆన్ చేసుడే, "ఎన్ని పడ్డయి రా?" అని నన్ను అడుగుడే. ఎన్ని కొట్టిన్రు అని అడగడు, ఎన్ని పడ్డయి అని అడుగుతడు. మా బావకు మన బ్యాటింగ్ మీద గంత నమ్మకం.

సరే, ఇగ లెక్కలకు వద్దాం.

అందరు పెద్దగ చెప్పుకునేది యాషెస్. 1882ల ఓవల్ గ్రౌండ్‌ల ఇంగ్లండ్ ఓడిపోతే, ఒక పేపరోడు "ఇంగ్లండ్ క్రికెట్ సచ్చిపోయింది, బూడిద ఆస్ట్రేలియాకు పోతది" అని ఎకసక్కంగ రాసిండు. గా జోకు పట్టుకొని నూట నలభై ఏండ్ల నుంచి కొట్లాడుకుంటున్నరు. ఆ డబ్బా ఎంతుంటదో తెల్సా? అరచేతిల పట్టేంత. మన పెంబర్తోళ్లకు చెప్తే దానికన్న మంచి ఇత్తడి చెంబు చేసిస్తరు. ఇంకో తమాషా, ఎవరు గెలిచినా అసలు డబ్బా మాత్రం లార్డ్స్‌లనే ఉంటది. ఆస్ట్రేలియా గెలిచినా ఇంటికి తీస్కపోదు. గెలిచినోనికి కప్పు ఇయ్యని టోర్నమెంట్ మన ఊర్ల పెడితే సాయంత్రానికల్ల పంచాయితీ అయితది.

2023ల బెయిర్‌స్టో సంగతి యాదికుందా? బంతి అయిపోయిందనుకొని క్రీజ్ దాటి నడుసుకుంట పోయిండు, క్యారీ వికెట్లకు కొట్టిండు, ఔట్. లార్డ్స్ లాంగ్ రూమ్‌ల కోట్లు, టైలు కట్టుకున్న పెద్దమనుషులు ఆస్ట్రేలియా ప్లేయర్లను పట్టుకొని తిట్టిన్రు. ముగ్గురు మెంబర్లను సస్పెండ్ చేసిన్రు కూడ. మా చెరువుల గట్ల ఔటయితే బ్యాట్ పడేసి గమ్మున పక్కకు పోతం, అంతే. జెంటిల్మెన్ గేమ్ అనే ముచ్చట నేను ఆ దినమే నమ్ముడు బంద్ పెట్టిన.

రెండోది ఇండియా–పాకిస్తాన్. దీని మీద నాకున్నంత కోపం దేని మీద లేదు. ఎందుకంటే టెస్టుల ఇది లేనే లేదు! ఆఖరి టెస్ట్ బెంగళూరుల 2007 డిసెంబర్‌ల అయింది. ఇప్పుడు కాలేజీల ఉన్న పోరడు ఆ మ్యాచ్ అయినప్పుడు ఊయలల ఉండొచ్చు, పుట్టకపోయి ఉండొచ్చు. ఒక్క టెస్ట్ చూడకుంటనే వాట్సాప్‌ల మాత్రం యుద్ధం చేస్తుంటడు. 1999ల చెన్నైల ఏమైందో చూడుండ్రి. సచిన్ నడుం నొప్పితోని 136 కొట్టిండు, ఆయన ఔట్ కాంగనే మిగిలినోళ్లు లైన్ కట్టిన్రు, 12 పరుగులతోని ఓడినం. ఏడుపు మొహాలు పెట్టుకొనే జనం లేచి నిలబడి పాకిస్తానోళ్లకు చప్పట్లు కొట్టిన్రు. తర్వాతి మ్యాచ్‌లనే ఢిల్లీల కుంబ్లే పదికి పది తీసిండు. పగ అంటే గట్లుంటది. గ్రౌండ్ల చూపెట్టాలె, చప్పట్లు కొట్టే దమ్ము కూడ ఉండాలె. ఆడకుంట ఉండే పగ పగ కాదు, ప్రచారం.

మూడోది మా బావ ఫేవరెట్, న్యూజిలాండ్. ఆళ్లు తిట్టరు, గుర్రుమని చూడరు, నవ్వుకుంటనే మన ఇంట్లకొచ్చి మన కంచంల అన్నం తిని పోతరు. 2021ల టెస్ట్ ఛాంపియన్‌షిప్ ఫైనల్ కొట్టిన్రు. 2024ల మన గడ్డ మీద 3–0. బెంగళూరుల మనోళ్లు 46 పరుగులకే ఆలౌట్! ఆ పొద్దు బావ ఒకటే మాట పంపిండు: "మెల్లగ మాట్లాడేటోన్ని చూసి భయపడాలె రా."

ఇగ నాలుగోది, ఇండియా–ఆస్ట్రేలియా. ఇది అసలైన సరుకు. 2001 ఈడెన్‌ల ఫాలోఆన్ ఆడుకుంట మన హైదరాబాద్ లక్ష్మణ్ 281 కొట్టిండు. వరసగ 16 టెస్టులు గెలిచిన ఆస్ట్రేలియాను అక్కడ ఆపినం. 2020 డిసెంబర్‌ల అడిలైడ్‌ల 36 ఆలౌట్, సరిగ్గ నెలకు గబ్బాల సిరీస్ గెలుపు. 1988 నుంచి అక్కడ ఆస్ట్రేలియా ఒక్క టెస్ట్ ఓడిపోలే. ఆ నడుమ సిడ్నీల మన కాకినాడ హనుమ విహారి తొడ కండరం పట్టేసినా, 161 బంతులాడి 23 నాటౌట్, అశ్విన్‌తోని కలిసి మ్యాచ్ కాపాడిండు. టీ20ల గట్లాడితే ఇంటికి రాళ్లు పడతయి. కానీ ఆ 23 లేకుంటే గబ్బాల కప్పు లేదు. గంతల్నే మన దేశం రాజకీయ నాయకుడే ఒకాయన "విహారి క్రికెట్‌ను ఖూనీ చేసిండు" అని ట్విట్టర్ల రాసిండు, అది కూడ పేరు తప్పు రాసి. విహారి తిరిగి తిట్టలే. తన పేరు సరిగ్గ రాసి పెట్టిండు, గంతే.

ఈ ముచ్చట ఎందుకు చెప్తున్న అంటే, నా అసలు నంబర్ వన్ ఇంకా చెప్పలే. అది ఏ రెండు దేశాల నడుమ పగ కాదు. మనకూ, మన ప్లేయర్లకూ నడుమ ఉన్న పగ.

2019 ఐపీఎల్‌ల సిరాజ్‌కు పరుగులు బాగ పోతున్నయి. "క్రికెట్ బంద్ పెట్టి మీ నాయినతోని ఆటో నడుపుకో పో" అని దేశమంత తిట్టింది. సిరాజే తర్వాత ఇంటర్వ్యూల చెప్పుకున్నడు. అసొంటిదే ఒక మీమ్ మా ముగ్గురి గ్రూపుల పెట్టినోడు ఎవరో తెల్సా? నేనే. నాలుగు నవ్వు బొమ్మలు కూడ పెట్టిన. బావ ఏమనలే. మానుకోటోడు గ్రూపుల నుంచి ఎల్లిపోయిండు. వాళ్ల నాయిన మానుకోట స్టేషన్ కాడ ఆటో నడుపుతడు. ఆ సంగతి నాకు తెల్వదా అంటే, తెలుసు. వాళ్ల నాయిన ఆటోల ఎన్నోసార్లు పైసలు ఇయ్యకుంట తిరిగిన. తెలిసి కూడ పెట్టిన, అదే నా తప్పు.

ఏడాదిన్నర మాటల్లేవు. 2020 నవంబర్‌ల సిరాజ్ నాయిన చనిపోయిండు. సిరాజ్ ఆస్ట్రేలియాల ఉన్నడు, ఇంటికి రాలే, ఆడిండు. సిడ్నీల గ్యాలరీకెల్లి జనం తిట్టిన్రు, ఆట ఆపి కొందర్ని బయటికి పంపిన్రు. మనం టీవీ ముందట కూసొని "ఎంత అన్యాయం, ఎంత జాత్యహంకారం" అని మండిపడ్డం. నిజమే, అన్యాయమే. మరి మనం తిట్టింది? గబ్బాల సిరాజ్ 73 పరుగులకు 5 వికెట్లు తీసిండు. ఆ రోజు మానుకోట నుంచి మెసేజ్: "ఆటోవాలా కొడుకు అయిదు తీసిండు. చూసినవా?" గంతే. మళ్ల మాటలు కలిసినయి. కానీ సారీ నేను చెప్పలే, వాడు అడగలే.

2024 జనవరి 28, ఆదివారం. ముగ్గురం ఉప్పల్ పోయినం. జనగామల బస్సెక్కితే ఆలేరు, భువనగిరి, ఘట్‌కేసర్, సీదా ఉప్పల్. అంతకుముందు ఆ గ్రౌండ్ల ఇండియా ఒక్క టెస్ట్ ఓడలే. 190 పరుగుల లీడ్ కూడ ఉండె. కానీ ఆలీ పోప్‌ది క్యాచ్ 110 మీద వదిలేస్తే, రివర్స్ స్వీపులు కొట్టుకుంట 196 దాక పోయిండు. మనకు 231 కావాలె. టెస్టులల్ల తను వేసిన మొదటి బంతికే సిక్స్ తిన్న టామ్ హార్ట్‌లీ, గదే మ్యాచ్ ఆఖరి ఇన్నింగ్స్‌ల 7 వికెట్లు తీసిండు. గిదీ టెస్ట్ అంటే! టీ20ల సిక్స్ తిన్నోనికి నాలుగో దినం ఉండది.

అదే ఆదివారం గబ్బాల ఇంకో ఆట. ముందటి దినం బొటనవేలికి దెబ్బ తగిలిన షమార్ జోసెఫ్, ఒకప్పుడు సెక్యూరిటీ గార్డు పని చేసినోడు, 7 వికెట్లు తీసి వెస్టిండీస్‌ను 8 పరుగులతోని గెలిపించిండు. 1997 తర్వాత ఆస్ట్రేలియాల వాళ్లకు గదే మొదటి గెలుపు. మరి ఆ సిరీస్ ఎన్ని టెస్టులు? రెండే! 1–1, ఇగ ఇంటికి పోండ్రి. మూడు పైసలున్న బోర్డులు అయిదేసి టెస్టులు ఆడుకుంట "మాదే రైవల్రీ" అంటయి. తీర్పు ఆటం అడిగేటోళ్లకు బస్ టికెట్ చేతిల పెడతయి.

ఉప్పల్‌కు వద్దాం. ఆఖరి వికెట్‌కు సిరాజ్, బుమ్రా 25 పరుగులు జోడించిన్రు. ఇంకో 29 కావాలె. సిరాజ్ ముందటికి ఉరికిండు, స్టంప్డ్. అయిపోయింది, 28 పరుగులతోని ఓడినం. మా ఎనక వరుసకెల్లి ఒకడు మొత్తుకున్నడు: "ఆటో నడుపుకో పో రా!" నా దోస్తు ఎనకకు తిరగలే. నా దిక్కు చూసిండు. అన్నా, ఆ చూపు హార్ట్‌లీ బంతి కంటె ఎక్కువ తిరిగింది. బస్సుల జనగామ దాక ముగ్గురం ఏం మాట్లాడలే.

2025ల ఇంగ్లండ్ టూర్. లార్డ్స్‌ల మళ్ల ఆఖరి వికెట్ సిరాజే. బంతి బ్యాట్‌కు తాకి, మెల్లగ దొర్లుకుంట పోయి వికెట్లకు తగిలింది, 22 పరుగులతోని ఓడినం. ఓవల్‌ల హ్యారీ బ్రూక్ 19 మీద ఉన్నప్పుడు క్యాచ్ పట్టి, బౌండరీ తాడు తొక్కిండు. బ్రూక్ 111 కొట్టిండు. ఆ రాత్రి ఫోన్ చూడబుద్ధి కాలే, ఏం తిడుతున్నరో నాకు తెలుసు కాబట్టి. తెల్లారి, ఆగస్ట్ 4న, ఇంగ్లండ్‌కు 35 పరుగులు, మనకు 4 వికెట్లు. అయిదు టెస్టులల్ల వెయ్యికి పైన బంతులు వేసిన మనిషి, అందుల మూడు తనే తీసిండు. ఆఖరిది అట్కిన్సన్‌కు యార్కర్. 6 పరుగులతోని గెలిచినం, సిరీస్ 2–2. భుజం జారి ఒక చేయి కట్టుకొని దిగిన వోక్స్ అవతలి ఎండ్ల నిలబడి ఉన్నడు. ఆయనకు కూడ నా సలాం.

అప్పుడు ఫోన్ కొట్టిన మానుకోటకు. "సారీ రా, గా 2019 మీమ్‌కు" అన్న. కొద్దిసేపు సప్పుడు లేదు. "నాకెందుకు రా. గా దినం నా ఫోన్ మా నాయిన చేతిల ఉండె. సదివింది ఆయన. ఆయనకు చెప్పు" అన్నడు.

పోయిన. స్టేషన్ బయట ఆటో పక్కన నిలబడి చెప్పిన. ఆయన ఇన్నడు. "గప్పుడెప్పటిదో కదా బిడ్డా" అన్నడు. చాయ్ తాగినం, పైసలు ఆయన్నే ఇచ్చిండు. అంతల రైలొచ్చింది, గిరాకీ వచ్చింది, పోయిండు.

గదీ ముచ్చట. ఇంగ్లండ్‌ను తిట్టుండ్రి, ఆస్ట్రేలియాను తిట్టుండ్రి, యాషెస్ డబ్బాను ఎక్కిరించుండ్రి, నేను కూడ కలుస్త. మనోడు క్యాచ్ వదిలేస్తే, ఎందుకు వదిలేసినవ్ అని అడుగుండ్రి, హక్కుంది. వాళ్ల నాయిన పని జోలికి మాత్రం పోకుండ్రి. ఆ మాట గ్రౌండ్ దాక పోదు, మన గ్రూపులున్న ఎవరో ఒకరి ఇంట్ల పడతది.

ఉంట మరి. వచ్చే ఎపిసోడ్‌ల మా బావను కూసోపెడ్త, నైట్ షిఫ్ట్ లేకుంటే.