ప్రళయ భయము – ప్రకృతి జ్ఞానము



ఇరువదియైదేండ్లుగా ఊరివారి చేతికి పుస్తకము నందించుచున్న ఈ గ్రంథాలయపు రజతోత్సవ సభలో ప్రళయ జోస్యములను గూర్చి ప్రసంగింపుమని నన్ను కోరిరి. పండుగనాడు ప్రళయము మాట ఏల అని కొందరికి తోచవచ్చును. కాని సముద్రమునకు చేరువగా, కృష్ణవేణి తెచ్చిపోసిన ఒండ్రుమట్టిపై కాపురమున్న మనకు ఈ విషయము అందరికంటె ఎక్కువగా పట్టవలసినది. రాని ప్రళయమేదో, రాగల ప్రమాదమేదో వేరుపరచి తెలిసికొనుట మనకు ప్రాణావసరము.

1962వ సంవత్సరము ఫిబ్రవరి 3 మొదలు 5వ తేదీ వరకు మకరరాశిలో అష్టగ్రహ కూటమి ఏర్పడినది. సూర్యుడు, చంద్రుడు, కుజుడు, బుధుడు, గురుడు, శుక్రుడు, శని ఒకే రాశిలో చేరిరి. కేతువుతో లెక్క ఎనిమిదైనది. అమావాస్యతోపాటు సూర్యగ్రహణము గూడ కలిసివచ్చినది. లోకమునకు అంత్యకాలము వచ్చినదని పలువురు జ్యోతిష్కులు ప్రకటించిరి. దేశమంతటను హోమములు, యజ్ఞములు, భజనలు జరిగినవి. ఆరవ తేదీన సూర్యుడు వేళకే ఉదయించెను. భూమి చెక్కుచెదరలేదు.

ఏల చెక్కుచెదరలేదు? యజ్ఞములవలన ఆపద తప్పినదని కొందరనిరి. కాని తప్పుటకు ఆపద యున్నదా అని ముందు విచారింపవలెను.

కాలువగట్టుపై నిలిచి చూచినపుడు దగ్గరి తాడిచెట్టు, పొలము నడుమనున్న తుమ్మచెట్టు, ఆవలి యూరి గుడిగోపురము ఒకే వరుసలో కనిపించును. అవి మూడును ఒకచోట చేరినవని మనమనుకొనము. గ్రహకూటమియు ఇట్టిదే. సూర్యుడు మనకు సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరములో నున్నాడు. కుజ, గురు, శనులు సూర్యునితో ఒకే రాశిలో కనిపించిరన్నచో వారు సూర్యునికి ఆవలి దిక్కున, మనకు మిక్కిలి దూరముగా నున్నారని అర్థము. ఆనాడు గురుడు సుమారు 90 కోట్ల, శని 160 కోట్లకు పైబడిన కిలోమీటర్ల దూరమున నుండిరి. కూటమి మన చూపులో నున్నదే గాని ఆకాశములో లేదు.

ఇక ఆకర్షణ మాట. సముద్రపు పోటుపాటులు చంద్రసూర్యుల ఆకర్షణవలన కలుగునని తీరవాసులకు చెప్పనక్కరలేదు. ఈ పోటు కలిగించు శక్తి దూరము రెట్టింపైనచో ఎనిమిదవ వంతునకు తగ్గును. అందుచేత గ్రహములలో మనకు అన్నిటికంటె దగ్గరగా రాగల శుక్రుడు అతి సమీపమునకు వచ్చినప్పుడైనను, అతని ప్రభావము చంద్రుని ప్రభావములో సుమారు పదునెనిమిది వేలవ వంతు మాత్రమే. కేతువన్ననో, గ్రహమే కాదు. చంద్రుని మార్గము సూర్యుని మార్గమును ఖండించు రెండు బిందువులకే రాహుకేతువులని పేరు. గ్రహణములు నీడలవలన కలుగునని ఆర్యభటుడు 499వ సంవత్సరమునాటి తన గ్రంథములో వివరించియే యున్నాడు.

ఇచ్చట ఒక న్యాయము పాటింపవలెను. కూటమి తేదీని, గ్రహణ సమయమును పంచాంగకర్తలు సరిగానే గణించిరి. గణితము వేరు, ఫలము వేరు. గణితము నిజమైనంత మాత్రమున దాని వెనుక కట్టిన ఫలము నిజము కాదు.

తరువాతను ఇట్టి భయములు వచ్చుచునే యున్నవి. 1979లో స్కైలాబ్ అను అమెరికా అంతరిక్షశాల కూలనున్నదని తెలిసి, మన తెలుగు పల్లెలలో అనేకులు ఇక బ్రదుకు లేదని కోళ్లను, మేకలను కోసికొని తినిరి. జూలై 11న దాని శకలములు హిందూ మహాసముద్రములోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడినవి. 2012 డిసెంబరు 21తో యుగాంతమన్న మాటయు అట్లే గడచిపోయినది.

ఇక నిజముగా వచ్చిన ప్రళయములను చూడుడు. 1864 నవంబరు 1న బందరుపై విరుచుకుపడిన ఉప్పెనలో సుమారు 30,000 మంది మరణించిరి. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన సుమారు 5 మీటర్ల ఎత్తున వచ్చినది. దాదాపు పదివేల ప్రాణములు పోయినవి. ఆ దినమున అష్టగ్రహ కూటమి లేదు, గ్రహణము లేదు. అమావాస్య గడచి ఎనిమిది దినములైనది; పౌర్ణమి ఇంకను రాలేదు. చంద్రుని వలన కలుగు పోటు తగ్గియుండు దినములవి. మరి ఆ నీరు ఎక్కడిది? సుడిగాలి సముద్రమును తీరమునకు నెట్టినది. మన తీరమున సముద్రము లోతు తక్కువ గనుక నెట్టబడిన నీటికి పైకి లేచుట తప్ప దారి లేకపోయినది. పల్లపు నేల దానిని ఆపలేకపోయినది. హెచ్చరిక తీరగ్రామములకు అందవలసినంతగా అందలేదు.

పదుమూడేండ్ల తరువాత, 1990 మే 9న, దాదాపు అంతటి తీవ్రతగల తుపాను ఈ డెల్టాపైననే తీరము దాటినది. ఈసారి ముందుగా లక్షకు పైగా జనులను సురక్షిత స్థలములకు తరలించిరి. మృతులు వేయికి లోపు. అదియు తక్కువ దుఃఖము కాదు; కాని పదివేలకును వేయికిని గల భేదము ప్రకృతి జ్ఞానము నిలిపిన ప్రాణముల లెక్క. నేడు ఉపగ్రహములు మేఘములను చూచుచున్నవి. మచిలీపట్నములోని రాడారు తుపాను కదలికను కనిపెట్టుచున్నది.

బూటకపు జోస్యము వలన నష్టమేమని కొందరందురు. నష్టము కలదు. నాలుగుసార్లు పులి వచ్చెనన్న కేక విని మోసపోయినవాడు ఐదవసారి నిజపు కేకను పెడచెవిని పెట్టును. తుపాను హెచ్చరిక విని ఇల్లు విడువక కూర్చున్నవాని ప్రాణము ఎవరు తెచ్చి ఇత్తురు?

కనుక ఎవరేమి చెప్పినను మూడు ప్రశ్నలడుగుడు. దేనిని కొలిచి చెప్పుచున్నారు? ఏ చోట, ఏ వేళ, ఎంతమేరకు జరుగునో స్పష్టముగా చెప్పుచున్నారా? తప్పినచో ఒప్పుకొని దిద్దుకొందురా? వాతావరణ శాఖ గాలి వేగమును, చోటును, కాలమును చెప్పును. తుపాను దారి మార్చినచో తన మాటను సవరించును. ప్రళయము చెప్పువాడు ఈ మూడింటిలో ఏదియు చేయడు.

నిర్వాహకులకు నా విన్నపము ఒక్కటి. ఈ గ్రంథాలయపు గోడపై పంచాంగము వ్రేలాడుచున్నచో వ్రేలాడనిండు. దాని ప్రక్కనే తుపాను హెచ్చరికల అర్థమును తెలుపు పట్టికను, ఆశ్రయ భవనములకు పోవు దారిని వ్రాయించి ఉంచుడు. చదువరాని వృద్ధులకు చదువుకొన్న పిల్లలు దానిని చదివి వినిపింతురు గాక. పుస్తకము ఊరికి చేయగల ఉపకారములలో ప్రాణము నిలుపుటకంటె గొప్పది లేదు.