సంక్రాంతి సెలవుల్లో సినిమా మాట

సంక్రాంతి సెలవులకు సొంతూరు చేరిన కుటుంబాలలో, భోగిమంట చుట్టూనో అరిసెల పళ్ళెం ముందో సాగే కబుర్లలో కొత్త సినిమాపై తీర్పు తప్పక వినిపిస్తుంది. ఉదయం ఆట చూసి వచ్చినవారి ఈ నోటిమాటనే సినీరంగం ‘టాక్’ అంటుంది. ‘ఫస్టాఫ్ బాగుంది, సెకండాఫ్ సాగదీశాడు’ అనే ఒక్క మాటలో, ఇంటర్వెల్ తరువాత కథనం పట్టు సడలిందన్న పరిశీలన ఇమిడి ఉంటుంది. పరిభాష లేకపోయినా అది విమర్శే. అయితే ఈలల మధ్య, పండగ హుషారులో వెలువడే తొలిరోజు తీర్పు కొంత తొందరపాటుదే. నోటిమాట నిదానంగానూ పనిచేస్తుంది: 1980లో కె. విశ్వనాథ్ తీసిన ‘శంకరాభరణం’ మొదట జనం పలుచగా ఉన్న హాళ్ళలో ఆడి, చూసినవారు చూడనివారికి చెప్పగా చెప్పగా జనాదరణ పొందింది. ఆ చిత్రాన్ని నిలబెట్టింది నోటిమాటే.