మనమూ మిల్లుకు అప్పిచ్చినవాళ్లమే
(సర్వసభ్య సమావేశంలో యూనియన్ కార్యదర్శి ప్రసంగ పాఠం)



2013 కంపెనీల చట్టం ప్రకారం పెద్ద కంపెనీలు గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. బడి కట్టనివ్వండి, నీళ్ల ట్యాంకు పెట్టనివ్వండి, మనం వద్దనం. కానీ మన జీతం, పీ.ఎఫ్., గ్రాట్యుటీ దానధర్మం కావు. అవి బాకీలు.

నెలంతా పనిచేశాకే జీతం తీసుకుంటాం. ముప్పై ఏళ్ల గ్రాట్యుటీ పని మానేదాకా చేతికి రాదు. అంటే మనమూ మిల్లుకు అప్పిచ్చినవాళ్లమే. బ్యాంకువాళ్లు అప్పిచ్చే ముందు క్రిసిల్, ఇక్రా వంటి సంస్థలిచ్చిన గ్రేడు చూస్తారు. ట్రిపుల్ ఏ అంటే గట్టి కంపెనీ, డి అంటే బాకీ ఎగ్గొట్టిన కంపెనీ. మరి మనం ఏం చూస్తున్నాం?

గ్రేడు ఒక్కటే నమ్మలేం. ఐ.ఎల్. అండ్ ఎఫ్.ఎస్. కొన్ని నెలల ముందు దాకా ట్రిపుల్ ఏ కంపెనీయే. 2018లో అప్పులు తీర్చలేక చేతులెత్తేసింది. మిల్లు సంగతి షెడ్డులో ముందే తెలుస్తుంది. పత్తి బేళ్లు తగ్గుతాయి, విడిభాగాలు రావు, జీతం తేదీ జరుగుతుంది, పీ.ఎఫ్. జమ ఆగుతుంది. బ్యాంకు వాయిదా తప్పితే వెంటనే నోటీసు వస్తుంది. మన సొమ్ము ఆగితే అడిగేవాళ్లు ఎవరు? అందుకే డబ్బాడని యాజమాన్యం చెయ్యి ముందు మన సొమ్ము మీదే పడుతుంది.

బొంబాయిలో 1982 సమ్మె తర్వాత ఎన్నో మిల్లులు మూతపడ్డాయి. బాకీల కోసం కార్మికులు ఏళ్ల తరబడి తిరిగారు. ఇప్పుడు 2016 దివాలా చట్టం ఉంది. కంపెనీ ఆస్తులు అమ్మేటప్పుడు, అంతకు ముందు 24 నెలల కార్మికుల బాకీకి, తాకట్టు ఉన్న బ్యాంకులతో సమాన స్థానం ఇచ్చింది. మంచిదే. కానీ తుప్పు పట్టిన యంత్రాలకు వచ్చేదెంత? మిల్లు నడుస్తున్నప్పుడే మేలుకోవాలి.

కాబట్టి రెండు పనులు చేద్దాం. ఒకటి, నెల నెలా పీ.ఎఫ్. పాసుబుక్కు చూసుకుందాం. ఒక నెల సొమ్ము మరుసటి నెల 15వ తేదీలోగా జమ కావాలి. కాకపోతే యూనియన్ ఆఫీసులో రాయించండి. పీ.ఎఫ్. కమిషనరుకు అర్జీ పెడదాం. రెండు, స్టాక్ మార్కెట్లోని మొదటి వెయ్యి కంపెనీలు 2022-23 నుంచి ఒక నివేదిక ఇవ్వాలి. పీ.ఎఫ్. కోసి జమ చేశామా లేదా అన్నది అందులో చెప్పాలి. మన కంపెనీ ఆ జాబితాలో ఉంటే ఆ మాటనూ మన పాసుబుక్కునూ పక్కపక్కన పెట్టి చూద్దాం.

గేటు బయట నీళ్ల ట్యాంకుకు రిబ్బను కత్తిరించేవాళ్లను, గేటు లోపలి బాకీ సంగతి అందరం కలిసి అడుగుదాం.