పారిస్ నగరంలో మన స్త్రీలు
(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



యూరప్ నగరాలలో మన స్త్రీల పర్యటన, వారి క్షేమం అనే విషయమై నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. యూరప్ నేను చూడలేదు. ఉర్దూ మీడియం బడిలో జుగ్రాఫియా చెప్పేటప్పుడు పటం మీద వేలు పెట్టి చూపించడం వరకే నా ప్రయాణం. చూచి వచ్చినవారు మా ఇంట్లో ముగ్గురున్నారు. వారి అనుమతితో, వారు చెప్పినదే చెబుతాను. నా మాటల్లో ఉర్దూ దొర్లితే పెద్దమనసుతో సర్దుకోండి.

మొదట ఒక సంగతి మనవి చేయాలి. మన ఆడవాళ్ళు యూరప్ చూడటం నిన్నా మొన్నా మొదలైంది కాదు. జంజీరా బేగం నాజ్లీ 1908లో యూరప్ తిరిగి వచ్చి తన అనుభవాలను ఉర్దూలో “సైరె యూరప్” అనే గ్రంథంగా వెలువరించారు. మన హైదరాబాదు సుగ్రా హుమాయూన్ మీర్జాగారు 1920లలో వెళ్ళివచ్చి సఫర్‌నామా రాశారు. ఆ రోజుల్లో ఓడ ప్రయాణం, వారాల తరబడి. ఈ పుస్తకాల పేర్లు మన ఇళ్ళల్లో ఎవరికీ తెలియవు. దాదీ, నానీలు వెళ్ళిన దారిని మనవరాళ్ళకు “మన వంశాచారం కాదు” అని చెప్పే పరిస్థితి వచ్చింది.

ఇదంతా ఇప్పుడెందుకంటే, ఈ మధ్య మన కమిటీ ముందుకు ఒక విషయం వచ్చింది. మన వాడలోని ఒక అమ్మాయిని ఆమె పనిచేసే కంపెనీ పది రోజుల శిక్షణకు పారిస్ పంపుతానంటున్నది. తోడు మరో ఇద్దరు ఆడపిల్లలు. మధ్యలో రెండు రోజులు ఊరు చూచేందుకు సెలవు. ఆ తండ్రి మంచివాడు, భయపడి కమిటీ సలహా అడిగాడు. కమిటీలో ఏడుగురం, ఏడుగురమూ మగవాళ్ళమే. ఒక్కరమూ పారిస్ చూడలేదు. అయినా గంటన్నర చర్చించాము! ఆ చర్చలో విన్నవన్నీ సినిమాల్లో చూచినవి, ఎవరో చెప్పగా విన్నవి.

ఇక మా వాళ్ళ సంగతి. 2025 మే నెలలో మా ఆపా, ఆపా అత్తగారు, నా మేనకోడలు ఎనిమిది రోజులు పారిస్‌లో ఉన్నారు. అత్తగారికి అరవై ఎనిమిదేళ్ళు; మేనకోడలు దాదీమా అంటుంది, మా అందరికీ ఆ పిలుపే అలవాటు. ఆపా కొడుకు అక్కడ ఉద్యోగం. అతనికి ఆదివారం తప్ప తీరిక లేదు. కాబట్టి ఆరు రోజులు ఈ ముగ్గురు ఆడవాళ్ళే ఊరంతా తిరిగారు. ముగ్గురికీ ఫ్రెంచి రాదు. మేనకోడలికి ఇంగ్లీషు వచ్చు.

మహరమ్ లేకుండా తిరగవచ్చునా అని కొందరు అడిగారు. నేను బడిపంతులును, ఫత్వా ఇచ్చే వాడిని కాను. ఉలమాలలో ఈ విషయమై భేదాభిప్రాయాలున్నాయని మాత్రం తెలుసు. 2018 హజ్ నుంచి 45 ఏళ్ళు దాటిన స్త్రీలు కనీసం నలుగురు కలిసి మహరమ్ లేకుండా దరఖాస్తు చేసుకునే వీలు మన దేశంలోనే కల్పించారు. ఎవరికి నమ్మకమున్న ఆలిమ్‌ను వారు అడిగి తెలుసుకోండి.

పర్దా విషయం మాత్రం స్పష్టంగా తెలుసుకొని వెళ్ళాలి, ఎందుకంటే అది చట్టం. ఫ్రాన్సులో 2010లో చేసిన చట్టం 2011 ఏప్రిల్ 11 నుంచి అమలులో ఉన్నది. వీధిలో గాని, దుకాణంలో గాని, బస్సులో గాని ముఖం కప్పుకోరాదు. జుల్మానా 150 యూరోల వరకు. తలకు కట్టుకునే రూమాలుకు వీధిలో, మ్యూజియంలో, రైల్లో అభ్యంతరం లేదు. సర్కారు బడులలో చదివే పిల్లలకు మాత్రం 2004 చట్టం ప్రకారం అదీ కూడదు. ఆ చట్టాలు నాకు నచ్చలేదు. ముఖం కప్పుకొమ్మని బలవంతం చేయడం ఎలాగో, విప్పమని బలవంతం చేయడమూ అలాగే. కాని టిక్కెట్టు కొన్నాక విమానాశ్రయంలో తెలుసుకునే విషయం కాదిది. దాదీమా నలభై ఏళ్ళుగా నికాబ్ వేస్తారు. వెళ్ళాలా వద్దా అని పదిహేను రోజులు ఆలోచించారు. ఆ పదిహేను రోజులు ఇంట్లో ఎవరూ ఆమెను వెళ్ళమనీ అనలేదు, వద్దనీ అనలేదు. ఆఖరికి పొడవాటి అబా, పెద్ద రూమాలుతో ముఖం తెరిచి వెళ్ళారు. మొదటి రోజు చేతితో ముఖం దాచుకుంటూనే ఉన్నారట. మూడో రోజున ఆపాతో, “ఇక్కడ నన్నెవ్వరూ చూడటమే లేదు బేటీ, ఎవరి పని వాళ్ళదే” అన్నారట.

అంటే అక్కడ అందరూ ఫరిష్తాలని కాదు. అక్కడి మగవాళ్ళూ మగవాళ్ళే. వీధిలో స్త్రీలను వేధించేవారికి అక్కడికక్కడే జుల్మానా వేసే చట్టం ఫ్రాన్సు 2018లో చేయవలసి వచ్చింది. మేనకోడలికి ఒక అనుభవం జరిగింది. భూగర్భ రైలు మెట్లు ఎక్కి వస్తుంటే ఒక యువకుడు వెంట పడ్డాడు. ఏదో మాట్లాడుతూ పక్కనే నడుస్తున్నాడు. దాదీమా, ఆపా కొంచెం వెనుకబడ్డారు. పిల్ల పరుగెత్తలేదు, జవాబు చెప్పలేదు. ఎదురుగా పచ్చని క్రాసు దీపం వెలుగుతున్న మందుల దుకాణం కనిపిస్తే సరాసరి లోపలికి వెళ్ళి నిలబడింది. పారిస్‌లో ఇటువంటి దుకాణాలు అడుగడుగునా ఉంటాయి. కౌంటరు దగ్గరి ఆడమనిషి ఒక్క చూపులో గ్రహించి, వచ్చి తలుపు దగ్గర నిలుచుంది. వాడు వెళ్ళిపోయాడు. ఐదు నిమిషాలలో దాదీమా వాళ్ళూ వచ్చారు. ఆ పిల్లకు ఈ ఉపాయం ఎవరు నేర్పారని అడిగాను. “మామూ, మన బస్టాండులో ఇంటర్ చదివేటప్పటి నుంచి ఇదే చేస్తున్నా. అక్కడ మెడికల్ షాపు, ఇక్కడ మిఠాయి షాపు, అంతే తేడా” అన్నది. నేను ఆమె మామూను, అదే ఊళ్ళో ఉండేవాణ్ణి. ఆ మిఠాయి దుకాణం సంగతి నాతో ఆమె ఎన్నడూ చెప్పలేదు. చెబితే చదువు మానిపిస్తారని భయమట.

అపాయం వస్తే పోలీసుకు 17, ఏ సహాయానికైనా 112. ఈ రెండు నంబర్లు కాగితం మీద రాసి ముగ్గురి సంచుల్లో పెట్టుకున్నారు. ఫోను పోతే ఫోనులోని నంబరు ఎందుకు పనికి వస్తుంది?

పారిస్‌లో అసలు బెడద దొంగతనం. జేబుదొంగల బాధ పడలేక 2013 ఏప్రిల్‌లో లూవ్ర్ మ్యూజియం సిబ్బందే ఒకరోజు పని మానేశారు, ఆ రోజు మ్యూజియం తెరుచుకోలేదు. ఐఫెల్ టవర్ దగ్గర, మోన్‌మార్త్ర్ గుట్ట మీది పెద్ద చర్చి మెట్ల దగ్గర, రైలు తలుపుల దగ్గర వీళ్ళు ఉంటారు. కాగితం అట్ట పట్టుకొని సంతకం పెట్టమని ఆడపిల్లలు చుట్టుముడతారు. మీరు సంతకం పెడుతుంటే ఇంకొకరు సంచి వెదుకుతారు. గుట్ట దగ్గర రంగుదారం వేలికి చుట్టేసి డబ్బు అడుగుతారు. ఉపాయం ఒకటే: ఆగకుండా, చేతులు దగ్గర పెట్టుకొని నడిచిపోవడం. మన స్త్రీలకు మర్యాద ఎక్కువ, ఎవరైనా పలకరిస్తే ఆగుతారు.

బంగారం సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. దాదీమా గాజులు తీయనని పట్టు పట్టారు. వాటిని ఇంట్లో పెట్టించడానికి మనవడు ఒక పూట బతిమాలవలసి వచ్చింది. వీళ్ళు తిరిగివచ్చాక, 2025 అక్టోబరు 19న, పట్టపగలు లూవ్ర్‌లోనే ఫ్రాన్సు రాజవంశీకుల నగలు దొంగలెత్తుకుపోయారు. ఆ వార్త విని దాదీమా, “రాణీగారి నగలకే దిక్కు లేదు, నా గాజులు ఇంట్లో ఉండటమే మేలైంది” అన్నారు.

మగవాళ్ళు ఎన్నడూ ఆలోచించని విషయం ఒకటుంది, సభలో చెప్పవచ్చునో లేదో గాని చెబుతాను. ఊరు చూడటానికి బయలుదేరిన ఆడవాళ్ళు సగం రోజు మంచినీళ్ళు తాగకుండా గడుపుతారు, మరుగుదొడ్డి దొరుకుతుందో లేదో అని. పారిస్ వీధుల్లో మునిసిపాలిటీ మరుగుదొడ్లు వందల సంఖ్యలో ఉన్నాయి, డబ్బు ఇవ్వనవసరం లేదు. అయితే లోపల మన పద్ధతిలో నీళ్ళుండవు. ఆపా ప్రతిరోజూ సంచిలో ఖాళీ సీసా పెట్టుకునేది. వీధుల్లో ఆకుపచ్చ రంగు ఇనుప ఫౌంటెన్లు ఉంటాయి. రిచర్డ్ వాలెస్ అనే దాత 1872లో పెట్టించడం మొదలుపెట్టాడు, నేటికీ వాటిలో తాగే నీరు వస్తుంది. అక్కడ సీసా నింపుకునేవారు. దాదీమా ఆ వాలెస్‌కు రోజూ దుఆ చేశారట.

మోకాళ్ళ నొప్పులవారికి భూగర్భ రైలు పనికిరాదు. 1900లో మొదలైన రైలది, చాలా స్టేషన్లలో మెట్లే తప్ప లిఫ్టులు లేవు. బస్సు ఆలస్యమైనా సుఖం, కిటికీలోంచి ఊరూ కనిపిస్తుంది. దుకాణంలో అడుగు పెట్టగానే “బోంజూర్” అనాలి. మనం సలాము చెప్పకుండా లోపలికి వస్తే ఎలా అనుకుంటామో వాళ్ళూ అలాగే అనుకుంటారు. హలాల్ భోజనానికి లోటు లేదు. ఉత్తర ఆఫ్రికా వారి దుకాణాలు, అంగళ్ళు చాలా ఉన్నాయి.

ఇక చూచినవి. ఐఫెల్ టవర్ గురించి మీరందరూ విన్నదే, 1889లో కట్టారు, 330 మీటర్లు. నోత్ర్‌దామ్ చర్చి 2019లో కాలిపోయి 2024 డిసెంబరులో మళ్ళీ తెరిచారు, అదీ చూచారు. కాని వాళ్ళు ఎక్కువగా చెప్పేది పెద్ద మసీదు గురించి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు కోసం ప్రాణాలిచ్చిన ముస్లిం సైనికుల జ్ఞాపకార్థం కట్టి 1926 జూలైలో ప్రారంభించారు. మీనార్ 33 మీటర్లు. స్త్రీలకు నమాజు చోటు ఉన్నది. ప్రక్కనే పుదీనా చాయ్ దొరికే హోటలు. ముఖం తెరిచి తిరిగిన బాధ అక్కడ రెండు రకాతులు చదివాక తీరిందని దాదీమా అన్నారు.

ఆ నగరంలోనే మన హైదరాబాదు వాడు డాక్టర్ ముహమ్మద్ హమీదుల్లా దశాబ్దాల తరబడి నివసించారు. 1908లో పుట్టినవారు. ఖురాన్ షరీఫ్‌కు ఫ్రెంచి అనువాదం 1959లో ప్రచురించారు. 2002లో కన్నుమూశారు. మసీదు దగ్గర పుస్తకాల షాపులో ఆ పేరు చూచి మేనకోడలు నాకు ఫోను చేసింది. పాఠం చెప్పే ముప్పై ఏళ్ళలో అంత సంతోషం నాకు కొద్దిసార్లే కలిగింది.

ఒక మధ్యాహ్నం సురేన్ అనే శివారు ప్రాంతానికి వెళ్ళారు. టిప్పు సుల్తాన్ వంశంలో పుట్టిన నూర్ ఇనాయత్ ఖాన్ పెరిగిన ఇల్లు అక్కడున్నది. జర్మన్ల ఆక్రమణలో ఉన్న పారిస్‌లో 1943 జూన్ నుంచి బ్రిటిష్ వారి తరఫున రహస్యంగా వైర్‌లెస్ నడిపింది. అక్టోబరులో పట్టుబడింది. 1944 సెప్టెంబరులో డాఖావ్‌లో కాల్చి చంపారు. ముప్పై ఏళ్ళ వయసు. ఇల్లు బయటి నుంచే చూచారు. మేనకోడలు కథంతా చెబితే దాదీమా గేటు పట్టుకొని నిలబడి, “ఈ పిల్ల ఒక్కతే తిరిగిందా ఈ ఊళ్ళో?” అని రెండు మూడుసార్లు అడిగారట.

రాత్రి విషయం మిగిలింది. మే నెలలో అక్కడ సూర్యుడు రాత్రి తొమ్మిదిన్నరకు అస్తమిస్తాడు. మగ్రిబ్ అప్పుడే. కనుక ఎనిమిదింటి వరకు తిరిగినా పగలే. ఐఫెల్ టవర్ దీపాలు మాత్రం చీకటి పడ్డాక గంటకొకసారి ఐదు నిమిషాలు మిలమిల మెరుస్తాయి, అవి చూడాలని ముగ్గురికీ ఆశ. ఆపా కొడుక్కి ఆ వారం రాత్రి డ్యూటీ. వెళ్ళారు. ముందే తిరుగు బస్సు చూచి పెట్టుకున్నారు, ఫ్రెంచిలో రాసిన చీటీ దగ్గర పెట్టుకున్నారు. అక్కడ రాత్రి పది దాటితే చాలా బస్సుల్లో రెండు స్టాపుల నడుమ ఇంటికి దగ్గరగా దింపమని డ్రైవరును అడగవచ్చు, కాస్త ముందుగా చెప్పి ముందు తలుపు నుంచి దిగాలి. చీటీ చూపించారు, దింపాడు. పదకొండున్నరకు ఇల్లు చేరారు. ఆపా అన్నది ఇది: “భయం వేయలేదని అనను తమ్ముడూ. కాని నలభై తొమ్మిదేళ్ళలో రాత్రిపూట ఊరు ఎలా ఉంటుందో చూడటం అదే మొదటిసారి.”

అధ్యక్షా, ఆ అమ్మాయి విషయం వచ్చే శుక్రవారం మళ్ళీ కమిటీ ముందుకు వస్తున్నది. ఆ రోజు ఈ ముగ్గురినీ, ఆ అమ్మాయినీ, ఆమె తల్లినీ కూర్చోబెట్టి మాట్లాడించాలని నా మనవి. తండ్రిగారికి ఏం అడగాలో వాళ్ళనే అడగనివ్వండి. దాదీమా వస్తానని ఒప్పుకున్నారు. ఇప్పుడు కూడా ముగ్గురూ పరదా అవతల రెండో వరుసలో ఉన్నారు. వీసాకు ఏ కాగితాలు కావాలో మేనకోడలు ఒక నోటు బుక్కులో రాసి తెచ్చింది. మగ్రిబ్ తరువాత చాయ్ దగ్గర స్త్రీలు ఆమెను అడిగి రాసుకోవచ్చు. మరుగుదొడ్ల విషయం ఆపాను అడగండి, నన్ను కాదు.

ఖుదా హాఫిజ్.