పిలుపునకు అందు దూరములో



ఈ సభకు అధ్యక్షత వహింపుమని కోరినప్పుడు, శస్త్రవిద్య ఇటీవల సాధించిన విజయములను గూర్చి ప్రసంగింపవలసినదని మిత్రులు కొందరు సూచించిరి. ఆ విజయములను మీరు బాగుగా నెరుగుదురు. రేపటినుండి చదువబడు పత్రములు వానితోనే నిండియున్నవి. వార్డులలోను థియేటరులోను దినదినము మనలను వెన్నాడుచు, సభావేదికలమీద మాత్రము అరుదుగా వినవచ్చు విషయము వేరొకటి కలదు. శస్త్రచికిత్సలో జరుగు పొరపాట్లు, అందును నేర్చుకొనుచున్నవారి చేతిమీదుగా జరుగు పొరపాట్లు, వానికి పెద్దలమైన మనము వహింపవలసిన బాధ్యత నేడు నేను ఎత్తుకొనిన విషయము. నా యభిప్రాయమును మొదటనే విన్నవించుచున్నాను. శిష్యుని చేతికి కత్తి నిచ్చుట విద్యాధర్మము. దానిని తప్పించుకొన వీలులేదు. కాని సందేహము కలిగిన క్షణమున అతడు గురువును పిలుచుటకు జంకునట్టి స్థితిని కల్పించితిమేని, అనంతరము జరుగు కీడులో అధికభాగము మనదియే యగును.

అభ్యాసము లేని చేయి రోగిశరీరమును తాకరాదను నియమము ఈ దేశమునకు క్రొత్తది కాదు. సుశ్రుతసంహిత సూత్రస్థానమున తొమ్మిదవది యోగ్యాసూత్రీయాధ్యాయము. శాస్త్రమంతయు చదివినవాడైనను హస్తాభ్యాసము లేనిదే కర్మకు అర్హుడు కాడని చెప్పి, ఛేదనమును గుమ్మడి, సొర, దోస మొదలైన కాయలమీదను, భేదనమును నీటితోను బురదతోను నింపిన తోలుతిత్తులమీదను, సిరావేధనమును మృతపశువుల సిరలమీదను తామరతూండ్లమీదను, కుట్లు వేయుటను పలుచని గుడ్డలమీదను మెత్తని తోళ్లమీదను, కట్లు కట్టుటను మనుష్యాకృతిగా చేసిన బొమ్మమీదను నేర్పవలెనని ఆ యధ్యాయము విధించుచున్నది. అంత నేర్చినవాడైనను రాజానుజ్ఞ పొందినగాని వైద్యవృత్తిలో ప్రవేశింపరాదని తరువాతి యధ్యాయము చెప్పును. నేటి లాప్రోస్కోపీ శిక్షణపెట్టెలును సిములేటర్లును చేయుపని ఆనాడు ఆ కాయలును తోలుతిత్తులును చేసిన పనియే. పి.జి. సీట్లను పెంచుటలో చూపిన శ్రద్ధను అట్టి అభ్యాసశాలలను నెలకొల్పుటలో మనము చూపలేదు. ఈ మాట చెప్పుటకు నాకు సంకోచము లేదు.

అయినను చేయి తిరిగినంతమాత్రమున ప్రమాదము తొలగిపోదు. పిత్తాశయమును లాప్రోస్కోపుతో తొలగించుటను తీసికొనుడు. అందు అందరును భయపడు పొరపాటు, సిస్టిక్ నాళమనుకొని ప్రధాన పిత్తనాళమునకే క్లిప్పులు వేసి కోసివేయుట. లారెన్స్ వే మొదలైన అమెరికా వైద్యులు ఇట్టి 252 గాయములను పరిశీలించి 2003లో ప్రకటించిన వ్యాసమున, నూటికి 97 గాయములకు మూలము దృష్టిభ్రమయే యనియు, చేతిపనిలోని లోపము నూటికి 3 చోట్ల మాత్రమే కారణమనియు తేల్చిరి. పిత్తాశయమును పట్టుకొని లాగినప్పుడు ప్రధాననాళము కూడ దానివెంట సాగి, సిస్టిక్ నాళము ఉండవలసిన వరుసలోనికి వచ్చి నిలుచును. ఇదియే సిస్టిక్ నాళమని మనస్సు ఒకసారి నిశ్చయించుకొనిన పిమ్మట, నాళము క్లిప్పునకు పట్టనంత లావుగా కనబడినను, అనుకొనని చోట పిత్తరసము కారినను, ఆ మనస్సు ఆగదు. ప్రతి హెచ్చరికకును ఒక సమాధానమును తానే కల్పించుకొనును. ఈ నాళములకును కాలేయమునకును నడుమనున్న త్రికోణమునందలి కొవ్వును పొరలను తొలగించి, పిత్తాశయపు క్రిందిభాగమును కాలేయమునుండి విడదీసి, సిస్టిక్ నాళము, సిస్టిక్ ధమని అను రెండే రెండు నాళములు పిత్తాశయములోనికి పోవుచుండుట కన్నులార చూచినగాని దేనిని కోయరాదని స్ట్రాస్‌బర్గు మొదలైన శస్త్రవైద్యులు 1995లో చెప్పిన నియమము ఈ భ్రమకు విరుగుడు. మన విద్యార్థులందరికిని ఆ నియమము కంఠస్థమే. కాని భ్రమలో నున్నవాడు తాను ఆ రెండు నాళములను చూచితిననియే నమ్మును. అరగంటగా తెరకు చూపు అప్పగించినవాని కన్ను మోసపోయిన చోట, అప్పుడే వచ్చి నిలిచినవాని కన్ను అంత సులభముగా మోసపోదు. కావున నా దృష్టిలో పర్యవేక్షణమనగా రిజిస్టరులో చీఫ్ పేరు వ్రాయుట కాదు, మొదటి క్లిప్పు వేయుటకు ముందటి నిమిషమున పెద్దవాడు తెరయెదుట నుండుట.

అట్లని పెద్దవాడు గదిలో నుండిన చాలునా? 2000 సంవత్సరము జనవరిలో వేల్సు దేశమందలి లానెల్లీ పట్టణమున ఒక వృద్ధునకు చెడిన మూత్రపిండమునకు బదులు బాగున్న మూత్రపిండము తొలగింపబడెను. శస్త్రకర్మలో రిజిస్ట్రారును ఉండెను, కన్సల్టెంటును ఉండెను. తప్పు మూత్రపిండమును తీయుచున్నారని ఒక వైద్యవిద్యార్థిని హెచ్చరించెను. ఆమెయే పొరబడినదని చెప్పి పని సాగించిరి. అయిదు వారములకు రోగి మరణించెను. నరహత్యాభియోగమున వైద్యులిరువురును 2002లో నిర్దోషులుగా విడుదలైరి; ఆ తీర్పుతో నాకు తగవు లేదు. నన్ను కలచివేయునది ఆ విద్యార్థిని పలికిన మాట. అనుభవమున అందరికంటె చిన్నది, అధికారమేమియు లేనిది, ఆ గదిలో సత్యమును చూచినది ఆమె. ఆ మాట విని అర నిమిషము ఆగి, ఎక్స్‌రేను మరల ఒకసారి పరిశీలించిన నష్టమేమి యుండెడిది? మన థియేటర్లలో ఒక హౌస్ సర్జను అట్టి మాట పలికిన మనమేమి చేయుదుమో, ఇందరిలో ప్రతి యొక్కరును తమ్ము తాము ప్రశ్నించుకొనవలెను.

న్యాయస్థానములు ఈ విషయమును మనకంటె స్పష్టముగా చూచినవని చెప్పవచ్చును. ఇంగ్లండులో నెలలు నిండని ఒక శిశువునకు, ప్రాణవాయువు పరిమాణమును కొలుచు కాథిటరును చిన్న డాక్టరు ధమనికి బదులు సిరలో నెక్కించెను. సందేహించి సీనియర్ రిజిస్ట్రారును చూడుమని కోరెను, ఆయనయు పోల్చుకొనలేకపోయెను. 1986లో అప్పీలు న్యాయస్థానము, అనుభవము తక్కువయనుట సాకు కాదనియు, ఆ పదవిలో నున్నవానికి ఉండవలసిన నైపుణ్యమే కొలబద్ద యనియు చెప్పుచునే, పెద్దవానిని పిలిచి చూపించుటతో చిన్నవాడు తన ధర్మమును నెరవేర్చెననియు, దోషము పెద్దవానిదనియు నిర్ణయించెను. మన సుప్రీంకోర్టును 2005లో జేకబ్ మాథ్యూ కేసున, వైద్యుని నిర్ణయములో జరిగిన పొరపాటు అంతమాత్రమున నిర్లక్ష్యము కాదని చెప్పినది. చట్టము ఇంత దయతో చూచుచుండగా, మన యూనిట్లలోని తిట్లకు వెరచి పిల్లలు మౌనము వహించుచున్నారు.

ఆ మౌనము ఎట్లుండునో మీ కందరికిని తెలియును. అర్ధరాత్రి కడుపునొప్పితో వచ్చినవానిని అపెండిక్సు అనుకొని కోయగా లోపల చీము నిండియుండును. పేగు ఎక్కడ చిల్లుపడినదో కానరాదు. మత్తు డాక్టరు బి.పి. పడిపోవుచున్నదని రెండుసార్లు చెప్పును. సిస్టరు ఫోను చెవికడ పెట్టుటకు సిద్ధముగా నుండును. సారును లేపవలెనా, ఇంకొక పది నిమిషములు చూతమా యని రెండవ సంవత్సరపు విద్యార్థి తటపటాయించును. ఆ పది నిమిషములను నడుపునది అతని నేర్పు కాదు. పోయిన నెలలో అట్లే పిలిచినప్పుడు, ఇంత చిన్నదానికి నన్ను లేపితివా యని విన్న మాట ఆ నిమిషములను నడుపును. చార్లెస్ బాస్క్ అను సమాజశాస్త్రజ్ఞుడు ఒక అమెరికా బోధనాసుపత్రిలోని శస్త్రవైద్యులను చిరకాలము దగ్గరనుండి చూచి 1979లో ఒక గ్రంథము వ్రాసెను. చేతిపనిలోని తప్పును త్వరగా ఒప్పుకొని చెప్పినవానిని పెద్దలు క్షమింతురనియు, దాచినవానిని, చెప్పవలసినది చెప్పనివానిని మాత్రము క్షమింపరనియు ఆయన కనుగొనెను. ఈ నీతి మంచిదే. కాని శిష్యుడు పిలిచి తీరవలెనన్నచో, పిలిచినప్పుడు విసుగుకొనక వచ్చి తీరుట గురువునకును అంతే విధి కావలెను. ఒకరినే కట్టిపడవేయు నియమము నియమము కాదు.

ఇంకొక మాట చెప్పక తప్పదు. మన కళాశాలలలో తరతరములుగా శస్త్రవిద్య నేర్చినవారు ధర్మాసుపత్రి వార్డులోని నిరుపేదల శరీరములమీదనే నేర్చిరి. నేనును అట్లే నేర్చితిని. డబ్బు చెల్లించువానికి చీఫ్ చేయియు, చెల్లింపలేనివానికి తోడులేని శిష్యుని చేయియు దక్కునేని అది అధర్మము. శిష్యుడు చేయుటలో తప్పులేదు. ప్రక్కన ఎవరును లేకుండ చేయుటలోనే తప్పున్నది. సమ్మతిపత్రముమీద వ్రేలిముద్ర తీసికొనునప్పుడు, ఆపరేషను ఎవరు చేయుదురో, ప్రక్కన ఎవరుందురో తెలుగులో చెప్పుట ఎంతపని?

పొరపాట్లను దాచక చెప్పుటకు పూర్వోదాహరణ మొకటి కలదు. బోస్టను నగరమున ఎర్నెస్టు కాడ్‌మన్ అను శస్త్రవైద్యుడు ప్రతి రోగి ఏమయ్యెనో వెంబడించి తెలిసికొని ప్రకటింపవలెనని పట్టుపట్టి, సీనియారిటీని బట్టి పదవులిచ్చు పద్ధతిని నిరసించుచు 1914లో తన పెద్ద ఆసుపత్రి కొలువును వదలుకొనెను. తాను నెలకొల్పిన చిన్న ఆసుపత్రినుండి 1911 మొదలు 1916 వరకు వెడలిన 337 మంది రోగుల వృత్తాంతమును అచ్చువేయించి, అందు జరిగిన 123 పొరపాట్లను తానే లెక్కించి లోకమునకు చూపెను. ఆనాడు ఆయనను ఆదరించినవారు కొలదిమంది. మనకు అంత సాహసము అక్కరలేదు. నెలనెలా జరుగు మోర్టాలిటీ మీటింగులో విద్యార్థిని నిలువబెట్టి ఎందుకిట్లు చేసితివని అడుగుటకు ముందు, పెద్దవానిని ఎన్ని గంటలకు పిలిచిరి, ఆయన ఎన్ని గంటలకు వచ్చెను అను రెండు ప్రశ్నలను అడిగి, ఆ జవాబులను కేస్ షీటులో గంటలు నిమిషములతో వ్రాసిన చాలును. మొదటి కోతకు ముందు థియేటరులో ప్రతివారును తమ పేరును పనిని పైకి చెప్పవలెనని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2008లో వెలువరించిన శస్త్రచికిత్సా పట్టికలో నున్నది. దానిని టిక్కు పెట్టి వదలక నోటితో చెప్పింపవలెను. తన పేరు పలికిన పిల్లవానికి తరువాత నోరు పెగలును.

ఈ విషయములపై తీర్మానపు ముసాయిదా రేపు మధ్యాహ్నము కార్యవర్గము ముందునకు వచ్చును. ఆ చర్చలో పి.జి. విద్యార్థులు ఇద్దరైనను కూర్చుండవలెననియు, వారు మాటలాడి ముగించిన తరువాతనే పెద్దలు మాటలాడవలెననియు కోరుచున్నాను.